అందరూ ఒకటే

పాప వేలికి క్లిప్పు తగిలించి, మిషనులో అంకె చూసి, "ఆక్సిజన్ తొంభై అయిదు. భయమేం లేదు" అంది డాక్టరు.

పాప తండ్రి గోడలకు రంగులు వేసే మనిషి. పని మధ్యలోంచి పిల్లను భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. చొక్కా మీద రంగు ఇంకా ఆరలేదు. డాక్టరు మాట వినగానే గోడకు చేరగిలబడి ఊపిరి పీల్చుకున్నాడు.

పాపకు మాత్రం ఆ ఊపిరే అందడం లేదు.

వార్డులో మంచాలన్నీ నిండి ఉన్నాయి. మందు ఆవిరి పట్టించి ఇంటికి పంపేయమని నర్సుకు చెప్పి, డాక్టరు పక్క మంచం వైపు తిరిగింది.

"ఒక్కసారి పెదవి లోపల చూడమ్మా."

మాట్లాడింది పాప కాళ్ళ దగ్గర నిలబడ్డ ఆడమనిషి. నెరిసిన జుట్టు, అరిగిన చెప్పులు. పాపలాగే కారునలుపు. నాయనమ్మ కాబోలు అనుకుంది డాక్టరు.

మిషను బాగానే చూపిస్తోందనీ, పిల్ల ఏడుపు కూడా మానిందనీ, పెద్దవాళ్ళు కంగారు పడితే పిల్ల ఇంకా బెదురుతుందనీ ఓపిగ్గానే చెప్పింది.

"ఏడవడానికి ఓపిక లేక మానింది. ఆ మిషను మా రంగు వాళ్ళకి ఒక్కోసారి ఎక్కువ చూపిస్తుంది తల్లీ."

రంగు అనే మాట వినపడగానే పక్క మంచాల వాళ్ళు తలలు తిప్పారు.

డాక్టరు మొహం ఎర్రబడింది. పచ్చటి మొహం, దాచుకుందామన్నా దాగదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకుండానే సంజాయిషీ మొదలుపెట్టింది. రంగు చూసి వైద్యం చేసే మనిషిని కానంది. తన ప్రాణస్నేహితురాలు ఇంతకంటే నలుపంది. నలుపు నారాయణుడు మెచ్చు అని నలుగురికీ తానే చెబుతుంటానంది. సెలవు రోజుల్లో మురికివాడల్లో ఉచితంగా మందులిచ్చిన సంగతీ చెప్పింది.

అన్నీ నిజాలే. పాపం, మంచి మనిషే. అక్కడే వచ్చింది చిక్కంతా. ఆ మంచితనం చెప్పుకుంటున్నంతసేపూ పాప డొక్కలు ఎగరేస్తూనే ఉంది.

తండ్రికి చెమటలు పట్టాయి. డాక్టరుకు కోపమొస్తే పిల్లను సరిగ్గా చూడదేమోనని అతని భయం. చేతులు జోడించి, ఆవిడ మాటలు మనసులో పెట్టుకోవద్దని బతిమాలాడు.

నర్సు తల వంచుకుని మందు కలుపుతోంది. ఆ పెద్దావిడ వార్డులోకి రాగానే ఒకసారి చూసింది, మళ్ళీ అటు తల ఎత్తలేదు.

"నా సంగతి మీకు తెలియదు. నాకు అందరూ ఒకటే" అంది డాక్టరు.

"తెలుసు తల్లీ. నువ్వు మంచిదానివే. అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు పిల్ల పెదవి తిప్పి చూడు."

డాక్టరు చివాలున ముందుకొచ్చింది. నిజం చెప్పాలంటే ఆవిడ నోరు మూయించడానికే వచ్చింది. పాప పెదవి మడిచి టార్చి వేసింది.

చిగుళ్ళు బూడిద పూసినట్టున్నాయి.

కనురెప్ప కిందికి లాగి చూసింది. అక్కడా అంతే.

ఆక్సిజన్ తెమ్మని కేకేసింది. నల్లటి ఒంటి మీద మిషను అలా తప్పు చూపించవచ్చన్నది తెలియని విషయమేం కాదు. చదువుకున్నదే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఇప్పుడు ఈ వార్డులో, ఒక మనిషి నోటి నుంచి వచ్చేసరికి, అది తనను తిట్టినట్టు వినపడింది.

ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకొచ్చారు. ఇంకో పిల్లవాణ్ణి సర్ది మంచం ఖాళీ చేశారు. మణికట్టు దగ్గర నెత్తురు తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో వచ్చిన అంకె, మిషను చూపించినదానికి చాలా కింద ఉంది. పెద్ద డాక్టరు వచ్చి చూసి, ఇంటికి పంపి ఉంటే పిల్ల దక్కేది కాదన్నాడు.

సాయంత్రానికి పాప కళ్ళు విప్పింది. నాన్న మీసానికి అంటిన పచ్చరంగు చూసి నవ్వింది. అతను వెక్కి వెక్కి ఏడ్చాడు.

డాక్టరు దూరంగా నిలబడి చూస్తోంది. ఆవిడకు క్షమాపణ ఎలా చెప్పాలో మనసులో పేర్చుకుంటోంది. అందులో తన మంచితనం గురించి ఒక్క ముక్క కూడా రాకూడదనుకుంది. అలా తీసేస్తూ పోతే చివరికి రెండే మాటలు మిగిలాయి.

"మీ అమ్మగారిని ఒకసారి పిలవండి" అంది తండ్రితో.

అతను తెల్లమొహం వేశాడు.

"మా అమ్మ పోయి చాలా ఏళ్ళయిందండీ. ఆవిడ ఎవరో నాకు తెలియదు. పిల్లనెత్తుకుని వస్తుంటే మందుల లైన్లోంచి లేచి నా వెంట వచ్చింది. మీ ఆసుపత్రి మనిషేమో అనుకున్నా."

ఇద్దరి ఒంటిరంగూ ఒకటే కదా అని ఒకే ఇంటివాళ్ళని తేల్చేసింది తను. మాటవరసకైనా అడగలేదు. సిగ్గుతో డాక్టరు చెవులు వేడెక్కాయి.

వరండాలోకి గబగబా నడిచింది. మందులిచ్చే కిటికీ మూసేశారు. బెంచీలు ఖాళీగా ఉన్నాయి. గేటు దాకా వెళ్ళి, రోడ్డుకు రెండు వైపులా చూసి, వెనక్కి వచ్చింది.

నర్సు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఎవరు సిస్టర్ ఆవిడ? మీకేమైనా తెలుసా?"

నర్సు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఏడాదిలోనే జుట్టంతా నెరిసిపోయినా చూడగానే గుర్తుపట్టానని, అందరిముందూ చెప్పడానికి నోరు రాలేదని గొణిగింది.

"పోయినేడు వానాకాలంలో, మీరు చూసి పంపించాక, ఇల్లు చేరేలోపే ప్రాణం పోయిన బాబు వాళ్ళమ్మ, మేడం."