ఏడో పిస్తోలు

"ఆ పిస్తోళ్ల ప్రదర్శన ఏ ఊళ్లో అన్నావురా?" అని ఆరిన్ రెండోసారి అడిగాడు.

"బోయిసీలో. వచ్చే శనివారం," అన్నాడు డెల్మర్. ఇందాక ఆదివారం అన్నానేమోనని వెంటనే అనుమానం వచ్చింది. చెమట పట్టిన అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

వంటింటి బల్ల మీద కడగని కాఫీ కప్పులు, చర్చివాళ్లు తెచ్చిపెట్టిన, మూతైనా తీయని కూరల గిన్నెలు. వాటి మధ్య పరిచిన ఆకుపచ్చ మఖమలు గుడ్డ మీద ఆరు పిస్తోళ్లు. ఒక్కొక్కటీ అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. ముప్ఫై ఏళ్లుగా ఆరిన్ ఏరి కూర్చుకున్నవి. కలప మిల్లులో కలిసి పనిచేసినన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా, డెల్మర్ వాటిని చూసి మనసు పారేసుకుంటూనే ఉన్నాడు. ఆరిన్ ఒక్కదాన్నీ గడప దాటనిచ్చేవాడు కాదు.

ఇప్పుడు పరిస్థితి వేరు. ఆరిన్ భార్య లూయెల్లా పోయి ఆరు వారాలైంది. అతను షూటింగ్ క్లబ్బుకు రావడం మానేశాడు, గడ్డం గీసుకోవడం మానేశాడు. దేన్నీ పట్టించుకోవడం లేదు. అడగాలంటే ఇప్పుడే అడగాలి, ఇంకా ఆలస్యమైతే చేజారిపోతుంది. ఆ ఆలోచనతో రెండు రోజులుగా డెల్మర్‌కు కుదురు లేదు.

ఆరిన్ ముత్యపుచిప్ప పిడి ఉన్న పిస్తోలును కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు.

"దీని పైన ఉన్న స్లైడు వెనక్కి లాగి చూడు. వందేళ్ల నాటిది, ఇంకా వెన్నలా జారుతుంది. ఇంత చిన్నదాంట్లో ఇన్ని భాగాలు ఇమిడ్చినవాడి చేతులు ఎలాంటివో."

"అందుకే నలుగురూ చూడాలంటున్నాను."

"మొన్నటిదాకా నీకు అమ్మమని నా ప్రాణం తీశావు. ఇప్పుడు నలుగురు గుర్తొచ్చారా?"

డెల్మర్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఎందుకైనా మంచిది, వాల్ట్‌ని అడుగుతాను. క్లబ్బు కార్యదర్శికి తెలియకుండా ఉంటుందా?" ఆరిన్ ఫోను అందుకున్నాడు.

"వాడు ఊళ్లో లేడు," అన్నాడు డెల్మర్ గబుక్కున.

ఆరిన్ అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత ఫోను కింద పెట్టేశాడు.

"సరే, పట్టుకెళ్లు."

డెల్మర్ ఆరింటినీ గుడ్డలో చుట్టి, వెంట తెచ్చుకున్న పెట్టెలో సర్దాడు. మూత వేయబోయి ఆగాడు.

"ఏడోది ఏది?"

"ఏ ఏడోది?"

"నల్లది. బెల్జియంలో చేసింది. అన్నిటికన్నా నువ్వు ఇష్టపడేది."

"అదొక్కటీ నా దగ్గర ఉండనీరా."

"ఏడూ ఉంటేనే ప్రదర్శనలోకి తీసుకుంటారు."

"ఎంత ఆశరా నీకు. పెళ్లాం పోయినవాడి దగ్గర ఒక్కటైనా మిగల్చవా?"

ఆ మాట డెల్మర్‌కు చురుక్కుమంది. అయినా కదల్లేదు. "ఆశే అనుకో. బయటికి తియ్యి."

ఆరిన్ చెయ్యి స్వెట్టరు జేబులోకి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది. ఎంతసేపు గడిచిందో తెలియదు. చివరికి ఆరిన్ ఆ నల్ల పిస్తోలును తీసి బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

డెల్మర్ దాన్ని తీసుకుని, గొట్టం గోడవైపు తిప్పి, పిడిలోని తూటాల మ్యాగజీను ఊడదీసి స్లైడు లాగాడు. లోపల ఉన్న తూటా టక్కున కప్పుల మధ్య పడింది.

"ఈ ముప్ఫై ఏళ్లలో దీంట్లో నువ్వు తూటా పెట్టగా చూడలేదు," అన్నాడు.

ఆరిన్ తూటాను ఏరి డెల్మర్ చేతిలో పెట్టి, అతని వేళ్లు మూశాడు.

"బోయిసీలో ఏ ప్రదర్శనా లేదని నాకు తెలుసు."

"మరి ఎందుకిచ్చావు?"

"నేనేం చేసుకుంటానోనని నీకున్న భయమే నాకూ ఉందిరా."