నీలాంబరిలో మొదటి సగం

"బెల్లు మీద చెయ్యేసినావంటే ఏళ్ళు ఇరుగుతాయి!"

గొలుసు వేసిన తలుపు సందులోంచి గుసగుసగా వచ్చింది ఆ బెదిరింపు. వీరబ్రహ్మం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గల్ఫ్‌లో, అల్ మవాలేలోని ఆ ఫ్లాటు అతనిదే. కచేరీల టూరు ముగించుకుని, భుజాన వయొలిన్ పెట్టెతో ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వస్తున్నాడు. తను లేనప్పుడు భార్య నవీన, పాప కోసం పెట్టుకున్న కడప మనిషి గంగులమ్మ ఈవిడే అన్నమాట.

"నేను..." అనబోయాడు.

"మెల్లిగ అబ్బీ! మేడం డ్యూటీకి పోయింది. పాపకు ఇప్పుడే కునుకు పడతాంది."

లోపల ఫోనులో వయొలిన్ మోగుతోంది. నీలాంబరి. తను కట్టిన బాణీ, తన రికార్డే! వీరబ్రహ్మం మీసాల్లో నవ్వుకున్నాడు. పొగడ్తలు చాలా విన్నాడు. తనెవరో తెలియని మనిషి ఏమంటుందో వినాలనిపించింది.

"పాట బాగుందే. ఎవరిది?"

"ఎవురో మహానుబావుడు. మొదుట్లో తేనె పోసినట్టు వాయిస్తాడు. బిడ్డ రెప్పలు వాలుస్తాది. అంతలోనే ఏం పూనుతాదో, డోళ్ళూ గిటార్లూ తెచ్చి నెత్తిన కొడతాడు!"

వీరబ్రహ్మం ముఖం మాడిపోయింది. ఇక్కడి సూర్ రేవు జాలర్ల డోళ్ళనీ రాక్ గిటారునీ కలిపిన ఆ మలుపే కదా తనకి పేరు తెచ్చింది!

"దాన్ని ఫ్యూజన్ అంటారు."

"ఏమన్నా అననీలే. ఆయప్ప ఎప్పుడన్నా పసిబిడ్డను నిద్రబుచ్చినాడా అంట?"

వీరబ్రహ్మం వయొలిన్ పెట్టెని ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఇంకో పాట పెట్టొచ్చుగా?" అన్నాడు చివరికి.

"ఈ బిడ్డ ఇంకేదీ ఇనదు. ఇంటి సారు ఈపొద్దు వస్తాడంట. ఈ ఏడుపు ఇని నన్ను ఇండియా ఇమానం ఎక్కిస్తే నా గతేంది?"

అంతలో లోపల డోళ్ళు దద్దరిల్లాయి. పాప కెవ్వుమంది.

"వచ్చినారు మద్దెలగాళ్ళు!" గంగులమ్మ గొలుసు తీసి లోపలికి పరుగెత్తి ఫోనులో పాట ఆపింది.

వీరబ్రహ్మం వెనకే వెళ్ళాడు. పెట్టె తెరిచి, ఉయ్యాల పక్కన కింద కూర్చుని కమాను అందుకున్నాడు. నీలాంబరి మొదటి సగం. మళ్ళీ అదే సగం. మలుపు దగ్గరకొచ్చినప్పుడల్లా చెయ్యి దూకబోతే బలవంతాన వెనక్కి లాగాడు. పాప వెక్కిళ్ళు తగ్గాయి. బిగించిన పిడికిలి విచ్చుకుంది. నిద్రపోయింది.

ఇక దాచలేకపోయాడు. "గంగులమ్మా, కంగారు పడకు. ఆ మహానుభావుణ్ణి నేనే. ఈ ఇంటి సారునీ నేనే," అన్నాడు ఠీవిగా.

గంగులమ్మ కొంగు చాటు నుంచి ఫోను తీసి, అతను వాయించిన డోళ్ళు లేని పాట రికార్డింగు ఆపింది.

"తెలుసు సార్. గోడ మీద మీ పెండ్లి ఫొటో దినామూ తుడిచేది నేనే. సార్ అని పిలిచినాక అన్నేసి మాటలు అనేదానికి నాకు నోరొస్తాదా?"