డిస్కులో ఆయన

“కంప్యూటర్లో ఉన్న పాటలన్నీ బాగానే వినిపిస్తున్నాయి బాబూ. ఈ డిస్కు పెడితేనే ఉలకదు, పలకదు.”

మెకానిక్ కంప్యూటర్ పెట్టె పక్కరేకు విప్పుతూ తలూపాడు. సిడి తిరుగుతోంది. తెర మీద అంకెలు పరుగెడుతున్నాయి. స్పీకర్లలో మాత్రం చీమ చిటుక్కుమంటే ఒట్టు.

“ఏం పాటలమ్మా ఇవి?”

“పాటలు కాదు, మా ఆయన. పోవడానికి ముందు ఏడాది నేనే రికార్డు చేయించాను. మధ్యాహ్నం ఇది పెట్టుకుంటేనే నాకు ముద్ద దిగేది. ఈ పెట్టెను రిపేరుకిచ్చి తెచ్చిన దగ్గర్నుంచీ కంచం ముందు కూర్చోవడం, లేవడం!”

బల్లకు అటొకటి ఇటొకటి కుర్చీలు. ఒకదాని మీదే దిండు నలిగి ఉంది. తనూ తన గదిలో ఒంటరిగా గోడ వైపు తిరిగి తినేవాడే కాబట్టి మెకానిక్ అటు ఎక్కువసేపు చూడలేదు.

“ఇంకో కాపీ ఉందా?”

“ఉంటే నిన్నెందుకు పిలుస్తాను?”

అతను టార్చి వేసి లోపలికి తొంగిచూశాడు. “దొరికాడు దొంగ! సిడి డ్రైవు నుంచి సౌండ్ కార్డుకు పోయే సన్న వైరు. మొన్న రిపేరు చేసిన మహానుభావుడు తగిలించడం మరిచిపోయాడు.”

వైరు తగిలించాడు. స్పీకర్లు బుస్సుమన్నాయి. ఆ బుస వెనక ఎవరో చెక్కను చిత్రిక పడుతున్నట్టు సర్రు సర్రుమని చప్పుడు. నడుమ ఒక దగ్గు. గ్లాసు కింద పెట్టిన చప్పుడు. మళ్లీ సర్రు సర్రు.

ఆవిడ కుర్చీలో కూలబడి కళ్లు మూసుకుంది.

మెకానిక్ మాట కోసం చెవులు రిక్కించాడు. రాలేదు.

“ముందుకు జరపనా అమ్మా?”

“జరిపావంటే ఊరుకోను!”

పాపం, చెవుడేమో. “వినిపిస్తోందా?” గొంతు పెంచి అడిగాడు.

“అరవకు. నావి పాము చెవులు.”

అయితే ఈ రొదే మాటను మింగేస్తోందనుకున్నాడు. సెట్టింగుల్లోకి వెళ్లి రొద తగ్గించే మీట నొక్కాడు. బుస పోయింది. సర్రుమనే చప్పుడు పోయింది. దగ్గూ పోయింది. గది పాడుబడ్డ బావిలా అయింది.

ఆవిడ దిగ్గున లేచింది. “ఏం చేశావ్? ఎక్కడికి పోయారాయన?”

మెకానిక్ గాభరాగా మీట వెనక్కి నొక్కాడు. చప్పుళ్లు తిరిగొచ్చాయి. ఆవిడ మెల్లగా మళ్లీ కూర్చుంది.

అతను స్పీకరుకు చెవి ఆనించి డిస్కు ఆఖరిదాకా విన్నాడు. ఇక చెప్పక తప్పదు. ఆ మాట చెప్పడం కంటే ఇంకో పది కంప్యూటర్లు విప్పి బిగించడం నయమనిపించింది.

“అమ్మా, మీకు అబద్ధం చెప్పలేను. డిస్కు పాడైపోయింది. చప్పుళ్లు మిగిలాయి గానీ, ఆయన మాట ఒక్కటీ మిగల్లేదు. వాటిని తిరిగి తేవడం నా వల్ల కాదు, ఇక ఎవరి వల్లా కాదు.”

ఆవిడ కళ్లు తెరిచింది. అతని మీదే జాలిపడుతున్నట్టు నవ్వింది.

“మా ఆయన పుట్టుమూగ, బాబూ.”