దా అంటే ఏమిటి?

"మీ భాషలో దా అంటే ఏమిటమ్మా?"

ఎండుచేపల గంప ముందు ఆగి అడిగాడు ముసలాయన. ఉత్తరాది చారల అంగీ, దుమ్ము కొట్టుకున్న కాళ్లు. ఆ ప్రాంతపు అకాన్ భాషలో తనకొచ్చిన నాలుగు ముక్కలే కూడబలుక్కుంటున్నాడు.

చేపలమ్మే జీఫా, ఎవె తెగ మనిషి, అతన్ని ఎగాదిగా చూసింది.

"పాము! ఇలా బజారులో ఆడవాళ్ల చుట్టూ తిరిగేదాన్ని అంటాం."

తెచిమన్ సంతలో ఆ వరసంతా నవ్వింది.

ముసలాయన నవ్వలేదు. తల అడ్డంగా ఊపి, ఉల్లిపాయలమ్మే హాజర దగ్గరకి జరిగాడు.

"మా హౌసాలో దా అంటే 'తో'. నీతో, నాతో అంటామే, ఆ తో. నాతో అని మాత్రం అడక్కు తాతా, మా ఆయన బతికే ఉన్నాడు."

దానికీ తల అడ్డంగానే ఊపాడు.

పెండలం దుంపల కుప్ప వెనక నుంచి అఫ్రియే ఇదంతా చూస్తూనే ఉంది.

ఆమె కొట్టు లారీలు ఆగే గేటు పక్కనే. రెండు వానాకాలాల కిందట, మతి తప్పిన తల్లి ఈ గేటు దగ్గరే ఏదో ఉత్తరాది లారీ ఎక్కి వెళ్లిపోయింది. మంచి బేరాలున్న చోటు వదులుకుని అప్పుడే అఫ్రియే ఇక్కడికి మారింది. ఆ దారిన వచ్చే ప్రతి డ్రైవరునూ కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, తల్లి జాడ అడుగుతుంది.

డ్రైవర్లనే. మిగతావాళ్లంటే ఆమెకిప్పుడు భయం. కిందటేడు ఒకడు ఇలాగే వచ్చి, నీళ్లు తాగి, మీ అమ్మను చూశానని కన్నీళ్లు పెట్టుకుని, ఆమెకిమ్మని ఇచ్చిన కోడిపుంజునూ కొత్త గుడ్డనూ పట్టుకుని మాయమయ్యాడు.

"హాజరక్కా, వీడు పిల్లల్ని ఎత్తుకుపోయే రకంలా లేడూ?" అంది అఫ్రియే.

"ఏదో మంత్రం మాటేమోనే. జవాబు చెప్పామంటే అంతే సంగతులు."

"నువ్వు చెప్పేశావుగా!"

"అయ్యో, నిజమే!" హాజర గుండె మీద చెయ్యి వేసుకుంది.

అంతలో అతను అఫ్రియే ముందుకే వచ్చాడు.

"మీ భాషలో, అమ్మా?"

"మా అకాన్‌లో పడుకో అని. వెళ్లి పడుకో ముసలాయనా, మా ప్రాణాలు తియ్యకు."

అతని మొహం వెలిగిపోయింది.

"పడుకో..." అని గొణుక్కున్నాడు. తరవాత అక్కడ బోర్లించిన గంప మీద కుదురుగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూడసాగాడు.

దేనికోసమో అక్కడ అందరికీ తెలుసు. వచ్చిన మనిషికి ముందు మంచినీళ్లివ్వాలి. ఆ తరవాత "ఏం పని మీద వచ్చావు?" అని అడగాలి. అడగందే పెద్దమనిషన్నవాడు తన పని బయటపెట్టడు.

నీళ్లిస్తే కథ మొదలుపెడతాడు. మొదలుపెడితే చివరిదాకా వినకుండా లేవకూడదు. అలా వినే కదా కోడి పోయింది!

అఫ్రియే నీళ్లకుండకు అడ్డంగా నిలబడింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. ముసలాయన పెదాలు తడుపుకున్నాడు.

"నేను..." అన్నాడు చివరికి.

"నిన్ను నేనడిగానా?"

అతను నోరు మూసుకున్నాడు. సిగ్గుపడి తల దించుకున్నాడు.

"పిల్లల దొంగ" అన్న మాట చెవిన పడగానే లోడు దించేవాళ్లు పరిగెత్తుకొచ్చారు. రెక్క పట్టుకుని లేపి, ఉత్తరానికి బయలుదేరుతున్న లారీలోకి తోశారు. అతను ఎదురు చెప్పలేదు. లారీ కదిలేదాకా అఫ్రియే వైపే చూశాడు, ఇప్పుడైనా అడుగుతుందేమోనన్నట్టు.

"పీడ విరగడైంది" అంది జీఫా.

కొన్ని సంతలు గడిచాక ఆ దారికి కొత్త డ్రైవరొకడు గేటు దగ్గర దిగాడు. ఫుసేని అతని పేరు. అఫ్రియే కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఏం పని మీద వచ్చావని అడిగింది.

"పోయిన సంతకే రావలసింది అక్కా. ఊళ్లో చావు జరిగి ఆగిపోయాను."

"మీవాళ్లా?"

"ఎవరివాళ్లో తెలియదు. రెండు వానల కిందట, రోడ్డు మీద లారీ చెడిపోతే దిగి, నడుచుకుంటూ లోపలికి, మా ఊరొచ్చి పడింది ఓ ముసలమ్మ. మా ఇసాకు పెదనాన్న ఇంట్లో పెట్టుకున్నాడు. ఆయన పొలం నుంచి రాగానే చాప తడుతూ 'దా, దా' అనేది. ఇంకో మాట లేదు."

అఫ్రియే దుంపలు పేర్చడం ఆపింది.

"మా దగొంబా మాటలో దా అంటే కొను అని. పిచ్చి మారాజు, చాప పాతబడిందని అంటోందేమో అనుకుని, కొత్త చాప కొనుక్కొచ్చేవాడు. మళ్లీ దా అనేది. మళ్లీ కొనేవాడు. ఇల్లంతా చాపలే అక్కా!"

ఫుసేని నవ్వి, నీళ్లు తాగాడు.

"ఆవిడ లేవలేని స్థితికొచ్చాక, అదెవరి భాషో తెలిస్తే వాళ్లవాళ్లను పిలుచుకొస్తానని ఈ సంతకే వచ్చాడు. అర్థం దొరికింది గానీ, అడిగే మనిషి దొరకలేదన్నాడు. తిరిగొచ్చి, ఆవిడ దా అనగానే పక్కన పడుకున్నాడు. ఆవిడ జోకొట్టింది."

"ఆవిడ... కుడి మోచేతి మీద, కాలిన మచ్చ..."

"అరచెయ్యంత. నీకెలా తెలుసు?"

అఫ్రియే దోగాడే వయసులో, పొయ్యి మీంచి ఒరిగిన గంజికుండకు తల్లి అడ్డం పెట్టిన చెయ్యి అది.

హాజర వచ్చి పక్కన కూర్చుంది. జీఫా గంప మీద ఈగలు తోలడం మానేసింది.

"కన్నబిడ్డ లేకుండానే సాగనంపారా?" అడిగింది అఫ్రియే.

"లేకుండా ఎలా అక్కా? మా దగ్గర బిడ్డలకు గుండు గీసే తీరాలి" అన్నాడు ఫుసేని. "మంగలి వచ్చి, ఈవిడ బిడ్డలెవరు, ముందుకు రండి అని పిలిస్తే, పెదనాన్న వెళ్లి కూర్చుని తల వంచాడు."