నిలువుకాళ్ళ పరిశోధన

"సార్, నేను చేరి నెలయింది. ఇంకా కుర్చీ ఇవ్వలేదు," అంది పరిశోధక విద్యార్థిని.

పిహెచ్‌డీ మధ్యలో, ప్రభుత్వ విధానాలెలా తయారవుతాయో నేర్చుకోవడానికి ఈ ప్రజారోగ్య సంస్థకి వచ్చిందామె. కిటికీ గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, రోజంతా నిలబడే పనిచేస్తోంది.

డైరెక్టరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "గంటల తరబడి కూర్చుంటే ఆరోగ్యం పాడవుతుందని నివేదిక రాసిందెవరమ్మా?"

"నేనే సార్. కానీ..."

"దాన్నిబట్టే ఆఫీసుల్లో కుర్చీలు తీసెయ్యాలని విధానం తయారుచేశాం. ఎక్కడైనా ప్రయోగం చేసి చూశారా అని పైవాళ్ళు అడిగారు. చూశాం, ఫలితాలు బ్రహ్మాండం అన్నాను."

"ఎవరి మీద చూశారు సార్?"

ఆయన ఆమె కాళ్ళ వైపు ఆప్యాయంగా చూశారు.

సామాన్ల గదిలో కుర్చీలు గుట్టలుగా పడున్నా తనకొక్కటీ ఎందుకు రాలేదో ఆమెకప్పుడు అర్థమైంది.

"ఇప్పుడు నువ్వు కూర్చున్నావంటే మొదటికే మోసం తల్లీ!"

"ప్రయోగమన్నాక, పోల్చి చూడ్డానికి కూర్చునేవాళ్ళు కూడా ఉండాలి కదా సార్?"

డైరెక్టరుగారు మెత్తటి కుర్చీలో వెనక్కి వాలి, బరువుగా నిట్టూర్చారు.

"ఆరోగ్యం పాడైతే పాడైందని, ఆ త్యాగం నేను చేస్తున్నానుగా!"