ముళ్లు లేని గడియారాలు

“తొమ్మిదింటికి అంటే ఎంతసేపటికి, అత్తా?” అని అడిగింది పాప.

“రేపు తొమ్మిదింటికి తయారుగా ఉండు” అంటూ వచ్చిన అత్తకు మేడ మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. నోటి దాకా తెచ్చుకున్న మంచినీళ్ల గ్లాసు అక్కడే ఆగిపోయింది. చుట్టూ చూసింది. గోడ పొడవునా గడియారాలు. అన్నీ టిక్కుటిక్కుమంటూ నడుస్తున్నాయి. ఒక్కదానికీ ముళ్లు లేవు.

“విన్నావా అన్నయ్యా? గడియారాలు బాగుచేసేవాడి కూతురికి టైము చూడ్డం రాదు! నలుగురూ వింటే నవ్విపోతారు.”

“నలుగురి మెప్పు కోసమా నేను పిల్లని పెంచేది?” నాన్న పని బల్ల మీద నుంచి తల ఎత్తలేదు. “కాలం అనేదే లేదు చెల్లీ. వస్తువులు కదులుతాయి, అంతే. ఆ కదలికకి మనం పెట్టుకున్న పేరు కాలం. పెద్దవాళ్లు పనిగట్టుకుని పిల్లల బుర్రలోకి ఎక్కిస్తారు. ఎక్కించకుండా పెంచి చూడు, ఆ పిల్లకి కాలం అంటదు. అదే నా ప్రయోగం.”

“ఏ పుస్తకంలో ఉందట ఇది?”

“పుస్తకాల్లో ఉంటే ఇక నేను ఆలోచించడం దేనికి?”

ఈ మాటలన్నీ పాపకు కంఠతా వచ్చు. ఆ ఇంట్లో క్యాలెండరు లేదు, పుట్టినరోజులు లేవు. ఆకలేస్తే తినడం, నిద్రొస్తే పడుకోవడం. గడియారాల కొట్టు మనిషి రేకు డబ్బాలో తెచ్చే చేతి వాచీలను కూడా ముళ్లూ డయలూ ఊడదీసి తెమ్మంటాడు నాన్న. తిరిగి బిగించుకోవడం కొట్టువాళ్ల పని. పాప ఎప్పుడైనా ‘నిన్న’ అని నోరు జారితే ఆయన కోప్పడడు. “ఎక్కడుందమ్మా అది? చూపించు” అంటాడు నెమ్మదిగా. పాప ఎన్నడూ చూపించలేకపోయింది.

అత్త కుర్చీ ముందుకు లాక్కుంది. “సరే, నీ శాస్త్రం నీ దగ్గరే ఉంచుకో. వీధి చివరి బడి ఉంది చూడు, ఆ హెడ్మిస్ట్రెస్‌ని కాళ్లావేళ్లా పడి ఒప్పించాను. చిన్నపిల్లల గదిలో ఒక చోటు ఖాళీగా ఉంది. రేపు తొమ్మిదింటికల్లా పాపని తీసుకురమ్మంది.”

వాచీ విప్పుతున్న పాప చేతిలోని పట్టకారు ఆగింది.

ఆ బడి కిటికీలోంచి కనిపిస్తుంది. బడి గంట మోగగానే నాన్న లేచి కిటికీ రెక్కలు మూసేస్తాడు. మూసేలోపు పాప చూడగలిగినంతా చూసేస్తుంది. పసుపు గేటు. వాకిట్లో రంగురంగుల చిన్న కుర్చీలు. గోడ మీద, రంగులో ముంచి అద్దిన చిట్టి చేతుల ముద్రలు. ఆ గోడను ఒక్కసారి ముట్టుకోవాలని పాప కోరిక. ఎవరికీ చెప్పలేదు.

“ఇప్పుడంత తొందరేమొచ్చింది?” అన్నాడు నాన్న.

“తొందరా! వాళ్లకీ వయసు లెక్కలుంటాయి. ఈ ఏడు దాటిందంటే ఇక తీసుకోరు. కనుక్కునే వచ్చాను.”

“ఏడు, నెల, వయసు! ఇవన్నీ మీరు మీరు...”

“అబ్బ, ఇక ఆపు అన్నయ్యా! వదిన పోయిన దగ్గర్నుంచీ నీతో ఇదే గోల.”

నాన్న కంటికి తగిలించుకున్న భూతద్దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు.

“తను పోలేదు. పోవాలంటే ‘అప్పుడు’ అనేది ఒకటుండాలి. అది లేదు. పాపకి తెలుసు.”

అత్త గొంతు తగ్గింది. “ఇదంతా అందుకేనా?”

ఆయన పాప వైపు తిరిగాడు. “నేను నిన్నెప్పుడూ కట్టిపడేయలేదమ్మా. తలుపు తీసే ఉంది. నా మాటా వద్దు, అత్త మాటా వద్దు. నీ బుర్రతో నువ్వు ఆలోచించి చెప్పు. వెళ్తావా?”

ఇలా అడిగినప్పుడే పాపకు ఊపిరాడదు. నిజంగా కట్టేసి ఉంటే తెంచుకోవచ్చు.

“రా తల్లీ,” అంది అత్త. “చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్తా. టైము చూడ్డం ఎంత పని? ఒక్క పూటలో నేర్పేస్తా. మీ నాన్న మాత్రం అమ్మ కడుపులోంచి నేర్చుకుని వచ్చాడా?”

పాప లేచింది. గుమ్మం దాకా నడిచి, ఒక కాలు బయట పెట్టింది. కింది నుంచి వీధి చప్పుళ్లు వినిపిస్తున్నాయి. దిగితే పదిహేను మెట్లు. కింద ప్రతి గోడ మీదా గడియారానికి ముళ్లుంటాయి. అవి ఇక్కడున్నప్పుడు మీ అమ్మ ఉంది, అక్కడికి వచ్చేసరికి లేదు అని ఎవరో ఒకరు వేలు పెట్టి చూపిస్తారు. చూపించాక ఇక చూడలేదనడానికి ఉండదు.

వెనక్కి తిరిగింది. నాన్న భూతద్దాన్ని చేతిలోకి తీసుకుని, తుడిచిందే తుడుస్తున్నాడు.

“నేను వెళ్తే అమ్మ నిన్నటిదైపోతుంది కదా, నాన్నా?”

“ఇది నీ సొంత ఆలోచనేనా?”

“నాదే.”

బయట పెట్టిన కాలు లోపలికి తీసుకుంది.

అత్త సంచీ భుజాన తగిలించుకుని, పాప చెంప ఒకసారి నిమిరి, కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగిపోయింది. అడుగుల చప్పుడు ఆగేదాకా నాన్న కదలలేదు. ఆ తర్వాత అలమరా నిండా పేర్చి ఉన్న పరిశీలన పుస్తకాల్లో చివరిది తీసి, తెరిచి, ఒక్క వాక్యం రాశాడు: ‘పాపలో మార్పేమీ లేదు.’

పాప బల్ల ముందు కూర్చుని పట్టకారు అందుకుంది. వాచీలోని చిన్న చక్రం సరిగ్గా కనపడలేదు.

కంటి మీద పడుతున్న తన నెరిసిన జుట్టును వెనక్కి తోసుకుంది.