కుడిపక్క తెర

చేపల వేటకు వెళ్లేటప్పుడు, పడవకి రెండుపక్కలా నీటి అడుగున ఏముందో తెర మీద చూపించే ఫిష్ ఫైండర్‌లో కుడిపక్క కనబడకుండా ఆపేస్తాను. తిరిగి వచ్చేటప్పుడు ఎడమపక్క ఆపేస్తాను.

“పొద్దున్న కుడికన్ను పోద్ది, మాపిటికి ఎడంకన్ను పోద్ది. ఏటి మిషనురా అల్లుడా ఇది? బరంపురం అట్టుకెళ్లి కళ్లద్దాలెట్టించు,” అంటాడు మా మామ పైడన్న.

“సెట్టింగు తిన్నగా లేదు మామా,” అంటాను.

పోయినేడు తుఫానులో మునిగిన ఆయన కొడుకు పడవ మేం రోజూ వెళ్లే దారిలోనే అడుగున ఉంది. మనిషి దొరకలేదు. నెల కిందట ఈ తెర మీదే ఆ పడవ నాకు కనబడింది. అది ఆయన కంట పడకూడదని నా తాపత్రయం.

ఇవాళ అక్కడికి రాగానే బటను నొక్కి కుడిపక్క ఆపేసిన నా చెయ్యి మామ పట్టుకున్నాడు.

“ఇంజనాపు.”

చద్దన్నం గిన్నె తెరిచి, రోజూ ఇక్కడ వేసినట్టే మొదటి ముద్ద కుడిపక్క నీళ్లలో వేశాడు. అది గంగమ్మకని ఇన్నాళ్లూ అనుకున్నాను.

“గట్టు మీద కొండా, నీళ్ల ట్యాంకీ ఒక్క వరసలోకొస్తే ఆడి పడవ మునిగిన సోటు ఇదే. నాకు మిషనెందుకురా?”

గిన్నె మూత పెట్టాడు.

“పడవ తిన్నగా కూకుందా, తిరగబడిపోయిందా? అదొక్కటే నాకు తెలీదు. తెరువు.”

తెరిచాను. పడవ బోర్లా పడి ఉంది. దాని చుట్టూ తెర నిండా తెల్లటి చుక్కలు. ఇంత చేప ఈ ఏడు మేం ఎక్కడా చూడలేదు.

“పోన్లే, ఆడికి తోడున్నాయి,” అన్నాడు మామ.

వల విప్పకుండానే ఇంజను స్టార్టు చేశాను.